మొదట ఎంచుకునే హక్కు

పాత స్టేషన్‌ను పడగొట్టి కొత్తది కడతామని కాగితం అంటించిన రోజుకి బావగారి చేతిలో ఉన్నవి ఇవి: సగం కొట్టు, ఒక లైసెన్సు, రేకు పెట్టె నిండా సరుకు, ఇరవైనాలుగేళ్ళ అనుభవం. కొట్టు సగమే ఎందుకంటే మధ్యలో చెక్క అడ్డం ఉండేది. ఇటుపక్క ఆయన దువ్వెనలు, చేతిరుమాళ్ళు, పిన్నీసులు, బూటు లేసులు, పెన్నులు, గుండీలు అమ్మేవాడు. అటుపక్క ఆయన బావమరిది పేపర్లూ పత్రికలూ అమ్మేవాడు. పొద్దస్తమానం ఆ చెక్క అవతలినుంచి "బావా, చిల్లరుందా?" "బావా, కాస్త ఇటో కన్నేసి ఉంచు" అని వినబడుతూనే ఉండేది గనక స్టేషన్ మాస్టరు మొదలుకొని ప్లాట్‌ఫారాలు ఊడ్చే ఆవిడ దాకా అందరికీ ఆయన బావగారే అయిపోయాడు.

బావగారి వ్యాపారం ఒక్క ముక్కలో చెప్పాలంటే మతిమరుపు. ఇంట్లో మర్చిపోయి వచ్చినవన్నీ ఆయన దగ్గర దొరికేవి. "జనం తెలివి మీద బతికేవాళ్ళు వేరే ఉన్నారు. నేను వాళ్ళ మతిమరుపు మీద బతుకుతున్నాను. ఈ పంటకి కరువు రాదు" అనేవాడు.

స్టేషన్ చరిత్ర ఎవరైనా అడిగితే దాన్నీ సరుకు లెక్కలోనే చెప్పేవాడు. మొదట్లో అది స్టేషనే కాదు. పెంకుల ఫ్యాక్టరీ వాళ్ళు పెంకులు ఎక్కించుకోవడానికి గూడ్సు బండి ఆగే చోటు. ఒక మట్టి దిబ్బ, దాని మీద రేకుల షెడ్డు. ఊరు పెరుగుతూ పెరుగుతూ అక్కడిదాకా వచ్చాక టికెట్ల కిటికీ పెట్టారు, వెయిటింగ్ రూము కట్టారు, దాని బయట పెద్ద అద్దం తగిలించారు, గడియారం వేలాడదీశారు, రెండో లైను వేశారు. బావగారి మామగారు కొట్టు పెట్టింది అప్పుడే. అవి బొగ్గు ఇంజన్ల రోజులు. కిటికీలోంచి తల బయటపెట్టిన ప్రతివాడి కంట్లో నలుసు పడేది, చొక్కా మీద మసి పడేది. మామగారు రోజుకి నాలుగు డజన్ల చేతిరుమాళ్ళు అమ్మేవారట. తర్వాత కరెంటు బండ్లు వచ్చాయి. మసి పోయింది, రుమాళ్ళు పడిపోయాయి. కాకపోతే ఆ బండ్లు జోరుగా పోతాయి, గాలికి జుట్టు రేగిపోతుంది. దువ్వెనలు లేచాయి.

మూడో ప్లాట్‌ఫారం వేసిన ఏడాదే మామగారు పోయారు. అప్పటికి ఆయన కొడుక్కి పదేళ్ళు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో వాడి ఎడమకాలు సన్నబడిపోయింది. అల్లుడు గనక లైసెన్సు ఈయన పేరు మీదికి మారింది. బావమరిది పెద్దవాడయ్యాక ఈయనే మధ్యలో చెక్క కొట్టించి సగం అప్పగించాడు. 'సగం ఇచ్చాను' అని ఈయన లెక్క. 'మా నాన్న కొట్టులో సగం మిగిలింది' అని అతని లెక్క. రెండు లెక్కల్లోనూ సగం సగమే గనక ఎప్పుడూ గొడవ రాలేదు.

కొత్త స్టేషన్‌లో సగం కొట్లు ఉండవన్నారు. ఇద్దరికీ విడివిడిగా లైసెన్సులు, విడివిడిగా చోట్లు. టీ కొట్టాయనకి నీళ్ళ గొట్టం ఎక్కడుంటే అక్కడే చోటు గనక ఆయనకి ఎంచుకునే బాధ లేదు. మిగిలినవి రెండు. ఒకటి, ఒకటో ప్లాట్‌ఫారం మీద, బయటి వీధిలోంచి లోపలికి రాగానే ఉండే కొత్త వంతెన మెట్ల కింద. రెండోది మూడో ప్లాట్‌ఫారం చివర, మంచినీళ్ళ కుళాయిలూ మరుగుదొడ్లూ ఉన్న వైపు. పాత లైసెన్సు బావగారిది గనక మొదట ఎంచుకునే హక్కు ఆయనది. ఒకసారి సంతకం పెడితే ఐదేళ్ళు కదలడానికి లేదు. కొట్లు తెరిచిన మొదటి నాలుగు నెలల్లో మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటే ఒక్కసారి మార్చుకోవచ్చునని కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అది ఆ రోజు ఎవరికీ అవసరం అనిపించలేదు.

బావగారు గాలివాటంగా ఎంచుకునే మనిషి కాదు. కొట్లు కట్టకముందే వంతెన తెరిచారు. ఆయన ఏడు రోజులు పొద్దున్నే వెళ్ళి ఆ మెట్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎడమ జేబు నిండా గుండీలు. పదిమంది దాటినప్పుడల్లా ఒక గుండీ కుడి జేబులోకి మారేది. ఆరింటినుంచి పదింటిదాకా సగటున నాలుగువేల నూట ఎనభైమంది తేలారు. ఎనిమిదో రోజు మూడో ప్లాట్‌ఫారం చివర కూర్చున్నాడు. ఆరువందలు కూడా దాటలేదు.

"తమ్ముణ్ణి ఒక మాట అడిగారా?" అంది ఇంటావిడ ఆ సాయంత్రం.

"అడగడానికేముంది? లెక్కే చెబుతోందిగా."

"లెక్కని అడిగారు. వాణ్ణి అడిగారా అంటున్నాను."

"నువ్వూరుకో. వాడికి నష్టం వచ్చే పని నేనెందుకు చేస్తాను?" అన్నాడు గాని, ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ వైపు చూడలేదు.

మర్నాడు మాస్టరు గదిలో సంతకాలు. టీ కొట్టాయన, టికెట్లిచ్చే ఆవిడ సాక్షులు. 'వంతెన కింద చోటు నాది' అని నేరుగా అనడానికి బావగారికి నోరు రాలేదు. అందుకని కొంచెం తేనె పూశాడు.

"సార్, మా బావమరిది కాలు సంగతి మీకు తెలుసు. వంతెన కింద ఒకటే తోపులాట. వాడు తట్టుకోలేడు. చివర చోటు ప్రశాంతంగా ఉంటుంది, కుళాయి పక్కనే ఉంది. అది వాడికివ్వండి. ఆ తోపులాటేదో నేను పడతాను."

మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. టీ కొట్టాయన "సొంత అన్న కూడా ఇలా ఆలోచించడండీ" అన్నాడు. బావమరిది ఒక్కడే బావగారి ముఖంలోకి తేరిపార చూశాడు. చూసి, "సరే బావా" అని సంతకం పెట్టాడు.

కొత్త స్టేషన్ బ్రహ్మాండంగా తయారైంది. ముసలివాళ్ళకి లిఫ్టు, టికెట్లకి యంత్రాలు, ఎండా వానా పడకుండా వంతెనంతా పైకప్పు, ప్రతి ప్లాట్‌ఫారం మీదా బెంచీలు. బావగారు వంతెన కింద కొట్టు తెరిచి, నాలుగువేల నూట ఎనభైమంది కోసం సరుకు సర్దుకుని కూర్చున్నాడు.

వాళ్ళు వచ్చారు. ఒక్కడు తగ్గకుండా వచ్చారు. వచ్చినట్టే పోయారు.

మొదటి రోజు ఆరు దువ్వెనలు అమ్ముడయ్యాయి. పాత కొట్టులో నలభై పోయేవి. కొత్త చోటు, అలవాటు పడాలిలే అనుకున్నాడు. రెండో వారం రోజుకి నాలుగు. ఎవరైనా ఆగబోతే వెనకవాళ్ళు నెట్టుకుంటూ పోయేవాళ్ళు. ఆగినవాళ్ళు కూడా "మూడో నంబరు ఎటండీ?" అనేవాళ్ళు. రోజుకి రెండువందలమందికి దారి చెప్పేవాడు. గొంతు బొంగురుపోయింది గాని గల్లాపెట్టె కదల్లేదు. పైగా పోలీసాయన వచ్చి "బావగారూ, మెట్ల దగ్గర జనాన్ని ఆపకండి" అని మందలించాడు.

"ఆపడమా! ఒక్కణ్ణి ఆపి చూపించండి, మీకు ఊరికే దువ్వెన ఇస్తాను" అన్నాడు బావగారు ఉడుక్కుంటూ.

ఒకరోజు ఒకాయన మెట్లకేసి పరుగెత్తుతున్నాడు. చొక్కా మధ్య గుండీ ఊడిపోయి పొట్ట కనబడుతోంది. బావగారు ఉండబట్టలేక "అయ్యా, గుండీ! గుండీ!" అని అరిచాడు. ఆయన పరుగాపకుండానే కిందికి చూసుకుని, సంచీ అడ్డం పెట్టుకుని, "చాలా థాంక్సండీ!" అంటూ రెండేసి మెట్లు ఎక్కేశాడు. పిన్నీసు పట్టుకున్న బావగారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

మూడు నెలలు గడిచాయి. ఈగలు తోలుకోవడానికి అక్కడ ఈగలు కూడా ఆగేవి కావు. స్థలం అద్దె మాత్రం పాతదానికి మూడింతలు. ఇంకొక్క మూడు నెలలు ఇలాగే సాగితే అద్దె కట్టలేక లైసెన్సు వదులుకోవాలి. మామగారినుంచి వచ్చిన కొట్టు తన చేతిలో మూతపడుతుంది. ఆ సంగతి ఇంటావిడకి చెప్పలేదు. ఆవిడకి తెలిసిపోయింది. అందుకే ఆవిడా ఏమీ అడగలేదు.

ఒకరోజు పొద్దున కొట్టు టీ కొట్టాయనకి అప్పజెప్పి, కాలకృత్యానికని బావగారు మూడో ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళాడు. మరుగుదొడ్డిలోంచి బయటికి వస్తూ ఆగిపోయాడు.

కుళాయిల పైన గోడకి అద్దం ఉంది. పాత వెయిటింగ్ రూము బయట వేలాడిన పెద్ద అద్దమే. మందపాటి చెక్క చట్రం, ఒక మూల పాదరసం లేచిపోయిన మచ్చ. సామాను పుస్తకంలో దాని నంబరు ఉందట, పారేయడానికి వీల్లేదని తెచ్చి అక్కడ బిగించారు. దాని ముందు జనం ఆగి ఉన్నారు. బండికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది, చేసే పనేమీ లేదు. నీళ్ళు తాగి తలెత్తినవాడు తనని తాను చూసుకుంటున్నాడు. చూసుకోగానే చెయ్యి జుట్టు మీదికి వెళుతోంది, అక్కడినుంచి జేబులోకి వెళుతోంది, జేబులో ఏమీ లేదు.

"ఇక్కడ దువ్వెన దొరుకుతుందా అండీ?" అని ఒక కుర్రాడు పక్కనే పేపర్లు పరుచుకుని కూర్చున్న బావమరిదిని అడిగాడు.

"దొరుకుతుంది బాబూ. వంతెన దాటి, కిందికి దిగి, ఒకటో ప్లాట్‌ఫారం మీద మా బావ దగ్గర."

"అమ్మో, బండి వెళ్ళిపోతుంది" అని ఆ కుర్రాడు చెయ్యి తడుపుకుని జుట్టు అదుముకున్నాడు.

బావగారు స్తంభం చాటున నిలబడి పావుగంట లెక్కపెట్టాడు. దువ్వెన అడిగినవాళ్ళు ముగ్గురు. పిన్నీసు అడిగినావిడ ఒకామె. తెగిన లేసుని ముడేసుకుంటున్నవాడు ఒకడు. మర్చిపోయిన సంగతి పరుగెత్తేవాడికి గుర్తు రాదు. పని లేక నిలబడ్డవాడికి గుర్తొస్తుంది, అద్దం ముందు నిలబడ్డవాడికి ఇంకా తొందరగా గుర్తొస్తుంది. పాత కొట్టు సరిగ్గా ఆ అద్దానికి ఎదురుగా ఉండేది. ఇరవైనాలుగేళ్ళు తనకి సగం బేరాలు తెచ్చిపెట్టింది అదే. తను తలలు లెక్కపెట్టాడు. అవి ఎంతసేపు నిలబడతాయో లెక్కపెట్టలేదు.

ఇంకోటి కూడా చూశాడు. బావమరిది దగ్గర కట్టలు కట్టలుగా పేపర్లు మిగిలి ఉన్నాయి. తీరిగ్గా నిలబడ్డవాళ్ళు పేపరు తీసి, మొదటి పేజీనుంచి ఆటల పేజీ దాకా చదివి, నీటుగా మడతపెట్టి మళ్ళీ అతని చేతికే ఇచ్చి, "ఇవాళ ఏమీ లేదండీ" అని బండెక్కుతున్నారు.

ఇంటికి వచ్చి ఇంటావిడకి మొత్తం చెప్పాడు.

"అయితే మార్చుకోండి. మార్చుకోవచ్చని మీరే అన్నారుగా."

"ఎలా అడగను? కాలు బాగోదని వాణ్ణి చివర కూర్చోబెట్టింది నేను. ఇప్పుడు వచ్చి తోపులాటలో కూర్చోమంటే నలుగురూ నవ్వరా?"

"వాడి కాలు అప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అప్పుడు అబద్ధమాడినందుకు ఇప్పుడు నిజం చెప్పడం కష్టంగా ఉంది, అంతేగా!" అని ఆవిడ పళ్ళెం ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టింది.

ఇరవై రోజులు గింజుకున్నాడు. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం బండ్లు పలచబడ్డ వేళ రెండు టీలు పట్టుకుని చివరికి వెళ్ళాడు.

"ఏంటి బావా, దారి తప్పావా? మూడో నంబరు ఇదే" అన్నాడు బావమరిది.

బావగారు బెంచీ మీద కూర్చుని బేరగాడి పద్ధతిలోనే మొదలుపెట్టాడు. "ఇక్కడ ఎండ ఎక్కువలా ఉందే. మధ్యాహ్నం నీ మొహం మీద పడుతుంది."

"టోపీ ఉంది."

"మరుగుదొడ్ల వాసన కూడా..."

"అలవాటైపోయింది."

"వంతెన కింద నీడ బాగుంటుంది. కౌంటరు ఎత్తుగా ఉంది, లోపల కూర్చుంటే ఎవరూ తగలరు. పేపరు చేత్తో అందిస్తే చాలు..."

"నా కాలో?"

బావగారు టీ వైపు చూశాడు.

"ఆ రోజు మాస్టరుగారి గదిలో నీకు నా కాలు గుర్తొచ్చింది. ఇవాళ మర్చిపోయావు. మర్చిపోయిన సామానంతా నీ దగ్గర దొరుకుతుందిగా బావా, ఒకసారి వెతుక్కో."

"వెటకారాలెందుకురా..." అన్నాడు. చివరికి చెప్పేశాడు. "నీ కాలు కోసం కాదు. జనం కోసం. నాలుగువేల నూట ఎనభైమందిని చూసి ఆశపడ్డాను. లెక్క తప్పింది."

బావమరిది గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ఏడు రోజులు ఈ జేబులో గుండీ ఆ జేబులో వేసుకుంటుంటే నేను వంతెన పైనుంచి చూస్తూనే ఉన్నాను. నాకు మొదటినుంచీ కావలసింది ఆ చోటే. పరుగెత్తేవాడే పేపరు కొంటాడు బావా. చిల్లర పడేసి, లాక్కుని పోతాడు. తీరిక ఉన్నవాడు ఊరికే చదువుతాడు. అద్దం ఇక్కడ బిగిస్తారని కూడా మేస్త్రీ నాకు అప్పుడే చెప్పాడు. 'నువ్వు అద్దం దగ్గరికి పో, నేను మెట్ల దగ్గరుంటాను' అని చెబుదామని కూర్చున్నాను."

"మరి చెప్పలేదేం? నీకూ నష్టమేగా!"

"నువ్వు అడగలేదు. ఇరవైనాలుగేళ్ళయింది. కొట్టు సంగతి నన్నొక్కసారి అడుగుతావేమోనని చూశాను. దానికి నాలుగు నెలల పేపర్లు పోయాయి. పోతే పోనీ అనుకున్నాను."

అవతలి లైన్లో ఒక బండి ఆగకుండా పోయింది. అది పోయేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

"ఇప్పుడు అడుగుతున్నాను. మార్చుకుందామా?"

"మార్చుకుందాం. అయితే ఆ రోజు గదిలో ఎవరెవరున్నారో అందరినీ పిలు. వాళ్ళ ముందు చెప్పిన మాట వాళ్ళ ముందే వెనక్కి తీసుకో. స్టేషన్ మొత్తం నా కాలు మీద జాలిపడుతోంది. ఇక్కడ బుట్టతో పండ్లమ్ముకునే ఆవిడ నన్ను చూసినప్పుడల్లా 'మీ బావగారు దేవుడు' అంటుంది. రోజూ వినలేక చస్తున్నాను."

మర్నాడు మాస్టరు గదిలో బావగారు నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లైసెన్సు కాగితం పట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. వంతెన కింద జనం ఎక్కువని తీసుకున్నానని, కాలు సంగతి ఊరికే అన్నానని.

మాస్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అయితే ఆ రోజు నాకు కళ్ళు చెమర్చింది ఉత్తపుణ్యానికేనా?"

"క్షమించాలి సార్."

"మీ గురించి మా ఇంట్లో చెప్పి, మా ఆవిడ చేత మా తమ్ముణ్ణి నాలుగు తిట్టించానండీ, మీలా ఉండటం లేదని" అన్నాడు టీ కొట్టాయన దిగులుగా.

"ఆవిడకి కూడా నేనే వచ్చి చెప్పాలా?"

"వద్దు వద్దు. మా తమ్ముడు మీలా లేకపోవడమే మంచిది" అన్నాడాయన. టికెట్లిచ్చే ఆవిడ నవ్వు ఆపుకోలేక కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. బావమరిది మాత్రం నవ్వలేదు. కాగితం ముందుకు లాక్కుని, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో బావగారికి చూపించాడు.

మార్చుకున్న వారం రోజులకే పేపర్లు ఎనిమిదిన్నరకల్లా అయిపోవడం మొదలైంది. బావమరిది ఎత్తు కౌంటరు వెనక కూర్చుని, జనం ఆగకుండానే రెండు చేతులా అందించేవాడు. చివర బావగారి దగ్గర దువ్వెనలు మొదటి వారం రోజుకి ఇరవై, నెల తిరిగేసరికి ముప్ఫై అయిదు. నలభై ఇంకా కాలేదు.

వానలు రావడానికి నెల ముందు సరుకు తెప్పించే సమయం వచ్చింది. బావగారు వంతెనెక్కి దిగి బావమరిది దగ్గరికి వెళ్ళాడు. "గొడుగులు తెప్పిద్దామనుకుంటున్నాను. ఎన్నంటావు?"

బావమరిది ఒక పేపరు అందించి, చిల్లర తీసుకుని, అప్పుడు తలెత్తాడు. "ఎన్నయినా తెప్పించు, నీ దగ్గర మాత్రం పెట్టుకోకు. సాయంత్రం బండి దిగినవాడు పైకప్పు కింద నడుచుకుంటూ వంతెన దాటి వస్తాడు. ఇక్కడ మెట్లు దిగి వీధిలో అడుగు పెట్టబోయినప్పుడు గాని వాన వాడికి అడ్డం కాదు. పరుగెత్తేవాడు కూడా ఆ ఒక్కచోట ఆగుతాడు. నా దగ్గర పెట్టు. చెరి సగం."

ఆ మాట మీద గొడుగులన్నీ వంతెన కిందే పెట్టారు. మొదటి వాన ఒక మంగళవారం సాయంత్రం అయిదున్నరకి పడింది. ఏడింటికి బావగారు లెక్క చూసుకున్నాడు. పోయినవి నాలుగు నెలల వ్యాపారం, మంచివాడన్న పేరు. వచ్చినవి అద్దం పక్క చోటు, రోజుకి ముప్ఫై అయిదు దువ్వెనల బేరం. అవి కాక, బావమరిదిని అడిగిన ఒక్క ప్రశ్నకి అమ్ముడుపోయినవి ముప్ఫై రెండు గొడుగులు, అందులో తన వాటాకి పదహారు.